వీరుడి పేరుకు కాపుదారెవరు?

(అక్కిరాజు ఉమాకాంతం గారి స్మృతిలో మంగళగిరిలో చేసిన ఉపన్యాసం)

ముందు వరుసల్లో మాజీ సైనికులు, వారి కుటుంబాలు కూర్చుని ఉన్నారు. ఈ రోజు నేను మాట్లాడబోయేది మీ గురించి, మీతో కలిసి వెళ్లి తిరిగి రానివారి గురించి. నా మాటల్లో ఎక్కడైనా లోటు కనిపిస్తే సభ చివర మీరే లేచి సరిదిద్దాలని ముందుగా కోరుతున్నాను.

ఉమాకాంతం గారి పేరు చెప్పగానే సాహిత్య విద్యార్థులకు ‘నేటికాలపు కవిత్వం’ గుర్తుకొస్తుంది, భావకవిత్వాన్ని నిలదీసిన కరకు విమర్శకుడు గుర్తుకొస్తాడు. పల్నాడు మాత్రం ఆయనకు ఇంకొక పని విషయంలో రుణపడి ఉంది. 1911లో ఆయన పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి అచ్చు వేయించారు. శ్రీనాథుని పేరిట మనకు దక్కిన ఆ మంజరీ ద్విపద కావ్యం అప్పటిదాకా తాటాకుల్లో ఉండేది, వీరుల కథ వీరవిద్యావంతులనే గాయకుల గొంతుల్లో ఉండేది. పండితులు జానపదమని పక్కన పెట్టిన కథను ఆయన పండితుల బల్ల మీదికి తెచ్చారు. యుద్ధంలో నేలకొరిగినవారి పేర్లను ఒక తరం నుంచి ఇంకొక తరానికి చేర్చే బాధ్యత తన భుజాన వేసుకున్నారు. అందుకే ఆయన స్మృతిలో జరిగే సభలో యుద్ధమృతుల స్మరణ గురించి మాట్లాడటం తగిన పని అనుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట. ఒక జాతి తన యుద్ధమృతులను ఎంత గొప్పగా తలచుకుంటుందో తెలియాలంటే అంత్యక్రియల నాటి జనాన్ని చూడకూడదు, విగ్రహం ఎత్తు కొలవకూడదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పేరుకు కాపుదారు ఎవరని అడగాలి. రాయి దానంతటది దేన్నీ గుర్తుంచుకోదు. గుర్తుంచుకునే పని ఎవరికో ఒకరికి అప్పగించాలి, ఆ పని తరం తరువాత తరం చేతులు మారాలి. ఈ మాటను కొన్ని అంచెల్లో నిరూపించడానికి ప్రయత్నిస్తాను.

1. గెలుపును రాసుకోవడం వేరు, పోయినవారిని రాసుకోవడం వేరు

మన ఊరి నుంచే మొదలుపెడదాం. మంగళగిరిలో శ్రీకృష్ణదేవరాయల కాలపు శాసనస్తంభం ఉంది. 1515లో కొండవీటి దుర్గం విజయనగరానికి పట్టుబడిన సంగతిని అది చెబుతుంది. తేదీ ఉంది, ప్రధాని సాళువ తిమ్మరుసు ప్రశస్తి ఉంది, ఆయన బంధువు నాదెండ్ల అప్ప ప్రస్తావన ఉంది, దేవుడికి ఇచ్చిన దానాలున్నాయి. చరిత్రకారులకు అది అమూల్యమైన ఆధారం. కానీ ఆ రాయి చెక్కించిన ఉద్దేశం గెలుపును చాటడం, దాతల కీర్తిని నిలపడం. కొండవీటి గోడలెక్కుతూ పడిపోయిన బంటు పేరు చెప్పడం దాని పని కాదు. ఆ కాలపు రాజ్యాలన్నీ అలాగే రాసుకున్నాయి కాబట్టి దాన్ని తప్పుపట్టడం లేదు. విజయస్తంభానికి, స్మారకానికి మధ్య ఉన్న తేడాను మాత్రం గమనించమంటున్నాను.

ఇప్పుడు కృష్ణా నది వెంట ఇంకొంచెం పైకి, కాలంలో పన్నెండు వందల ఏళ్లు వెనక్కి వెళదాం. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నాగార్జునకొండ లోయలో, ఛాయాస్తంభాలు నిలిపేవారు. చనిపోయినవారి బొమ్మ చెక్కి, ఎవరి జ్ఞాపకమో రాసిన రాతి పలకలవి. చాంతమూల మహారాజు చనిపోయాక రాజకుటుంబపు స్త్రీలు నిలిపిన స్తంభం వాటిలో పేరుపొందింది. కానీ నన్ను కదిలించేది రాజుగారి స్తంభం కాదు. అదే లోయలో సేనాపతులకూ, సైన్యంలో పనిచేసినవారికీ, శిల్పులకూ కూడా ఛాయాస్తంభాలు దొరికాయి. రాజుకు ఇచ్చిన గౌరవాన్నే, అదే పద్ధతిలో, అదే సున్నపురాతి మీద సామాన్యుడికీ ఇవ్వవచ్చని ఈ నేల మీద ఒకనాటి సమాజం ఒప్పుకుంది. తర్వాతి శతాబ్దాల్లో రాయలసీమ నుంచి పల్నాటి దాకా ఊరి పొలిమేరల్లో వెలసిన వీరగల్లులు ఆ దారిలోవే.

ఇంతా చేసి ఆ ఛాయాస్తంభాల్లోని మనుషుల్ని ఈ రోజు ఎవరు తలచుకుంటున్నారు? సాగర్ జలాశయం నిండుతుండగా పురావస్తు శాఖవారు వాటిని కాపాడి ద్వీపంలోని మ్యూజియంలో భద్రపరిచారు. రాళ్లు బతికాయి. ఆ రాళ్ల ముందు ఏడాదికొకసారి దీపం పెట్టే వంశం లేదు, ఊరు లేదు. పేరు చెక్కడం మొదటి మెట్టు మాత్రమే. దానితోనే పని ముగిసిందనుకున్న చోట పేరు వస్తువుగా మిగులుతుంది.

2. కారంపూడి ఏం నేర్పుతుంది

పన్నెండో శతాబ్దం చివర నాగులేటి ఒడ్డున, కారంపూడి దగ్గర జరిగిన పోరు పెద్ద సామ్రాజ్యాల యుద్ధం కాదు. గురజాల, మాచర్ల అనే రెండు చిన్న రాజ్యాల దాయాదుల తగవు. దేశచరిత్ర పుస్తకంలో దానికి ఒక పేరా దక్కితే ఎక్కువ. అయినా ఎనిమిది వందల ఏళ్లుగా కార్తీక మాసం చివర వీరుల గుడి ముందు జనం చేరుతూనే ఉన్నారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ అయిదు రోజులు ఉత్సవం నడుస్తుంది. వీరాచారవంతులు తమ పూర్వులు కొలిచిన కొణతాలను, అంటే వీరుల ఆయుధాలను, దూరపు ఊళ్ల నుంచి మోసుకొచ్చి నాగులేట్లో స్నానం చేయించి గుడికి తెస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు.

ఇది ఇన్నేళ్లు నిలవడానికి కారణాలు వెతికితే నాలుగు కనిపిస్తాయి. మొదటిది, తిథి. ఎప్పుడు తలచుకోవాలన్నది ఎవరి తీరికకూ వదల్లేదు, పంచాంగంలో కట్టేశారు. రెండోది, కాపుదారులు. పీఠం ఉంది, ఆయుధాన్ని కాపాడే కుటుంబాలున్నాయి, కథను కాపాడే గాయకులున్నారు. ఒకరి పని ఆగితే రెండోవారు అడుగుతారు. మూడోది, పేర్లు. కథానాయకుడు బాలచంద్రుడొక్కడి పేరే కాదు, ఒక్కొక్క వీరుడికీ గుడిలో స్థానం ఉంది. నాలుగోది, పంక్తి. మందపోరు నాడు చాపకూడు పెడతారు. మాచర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడన్న జ్ఞాపకానికి అది గుర్తు. మాల కులస్థుడైన కన్నమదాసు బ్రహ్మనాయుడి సైన్యానికి నాయకత్వం వహించాడని కథ చెబుతుంది, ఆ కథను తరతరాలుగా పాడి నిలబెట్టింది కూడా దళిత గాయకులే. ఉమాకాంతం గారి అచ్చుప్రతికి వెనక ఈ గొంతులున్నాయని మరవకూడదు.

ఇక్కడ ఒకరు అడగవచ్చు: ఇదంతా భక్తి కదా, కథ కదా, చరిత్ర ఎంత? నిజమే, పల్నాటి కథలో కల్పన చాలానే ఉంది. ఏది జరిగింది, ఏది కవి చేర్చాడు అన్నది చరిత్రకారులు తేల్చవలసిన విషయం. నేను కారంపూడి నుంచి తీసుకుంటున్నది సంఘటనల సాక్ష్యం కాదు, స్మరణ నడిచే పద్ధతి. రాజులు మారారు, నవాబులు వచ్చారు, కుంఫిణీ వచ్చింది, జమీందారీలు పోయాయి. ఏ ప్రభుత్వ ఉత్తర్వు మీదా ఆధారపడకుండా ఆ స్మరణ సాగింది. ఈ మధ్య కట్టిన పాలరాతి స్తంభాల్లో ఎన్నింటికి అంత ఆయుష్షు ఉంటుందో ఆలోచించండి.

3. ఆధునిక రాజ్యాలు, సమానమైన పేర్లు

ఐరోపాలో సామాన్య సైనికుడికి పేరుతో సమాధి దక్కడం మొదటి ప్రపంచ యుద్ధంతోనే విస్తృతమైంది. 1917లో బ్రిటిష్ సామ్రాజ్యం యుద్ధసమాధుల కమిషన్ ఏర్పాటు చేసింది. హోదా, మతం చూడకుండా అందరికీ ఒకే రకమైన రాయి పెట్టాలన్నది దాని సూత్రం. ఆ సూత్రం గొప్పది, ఆచరణ మాత్రం రంగు చూసింది. మెసపొటేమియాలో పోయినవారి కోసం బస్రాలో కట్టిన స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. భారతీయ సిపాయిలను మాత్రం దళాల వారీగా సంఖ్యల్లో చూపించారు. మద్రాసు సాపర్లు, అంటే సైనిక ఇంజనీర్లు, పోరాడిన రంగం అది. 2021లో ఆ కమిషనే తన నివేదికలో ఈ తప్పును ఒప్పుకుంది. ప్రధానంగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టులకు చెందిన కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరు పెట్టి స్మరించలేదని లెక్క తేల్చింది. మన దేశపు పల్లెల్లో అక్కడక్కడా కనిపించే ఆనాటి ఫలకాలదీ ఇదే తీరు. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఉంటుంది. వారెవరో ఉండదు.

రెండో యుద్ధంలో మనవారికి జరిగిన అన్యాయం ఇంకా లోతైనది. మలయా, బర్మాల నుంచి జపాను సైన్యం సయాం–బర్మా రైలుమార్గం పనికి లక్షల మంది ఆసియా కూలీలను తరలించింది. వారిలో తోటల్లో పనిచేసే తమిళులతో పాటు తెలుగు కూలీలూ ఉన్నారు. మిత్రరాజ్యాల యుద్ధఖైదీల కంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది కూలీలు అక్కడ కలరాతో, ఆకలితో, దెబ్బలతో చనిపోయారు. థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో దాదాపు ఏడు వేల మంది ఖైదీలకు వరుసలు తీర్చిన సమాధులున్నాయి. కూలీలకు అలాంటి వరుస లేదు, పేర్ల పట్టిక లేదు. ఖైదీల వెనక వారి కోసం లెక్క అడిగే ప్రభుత్వాలున్నాయి. కూలీల పక్షాన అడిగేవారు లేరు. కాపుదారు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే కఠినమైన రుజువు నాకు దొరకలేదు.

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో మెనిన్ గేట్ కింద 1928 నుంచి ప్రతి సాయంత్రం ఎనిమిది గంటలకు బూర ఊదుతారు. జర్మన్ ఆక్రమణ కాలంలో తప్ప ఆ ఆనవాయితీ ఆగలేదు. ద్వారం కట్టింది బ్రిటిష్ వారు, బూర ఊదే బాధ్యత తీసుకున్నది ఆ ఊరివాళ్లు. వాషింగ్టన్‌లో 1982లో వెలసిన వియత్నాం స్మారకం మీద యాభై ఎనిమిది వేలకు పైగా పేర్లున్నాయి. హోదాలు లేవు, పోయిన తేదీల వరుసలో పేర్లు మాత్రమే ఉన్నాయి. మన దేశంలో 1931 నాటి ఇండియా గేటు మీద పదమూడు వేలకు పైగా పేర్లున్నా, స్వతంత్ర భారతం కోసం పోయినవారందరి పేర్లూ ఒకచోట చేరడానికి 2019 ఫిబ్రవరి 25 దాకా ఆగవలసి వచ్చింది. ఆ రోజు ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో ఇరవై అయిదు వేలకు పైగా పేర్లను గ్రానైటు పలకల మీద చెక్కారు. అక్కడ సాయంత్రాల్లో అమరుల కుటుంబాలవారిని పిలిపించి వారి చేత పుష్పాంజలి ఘటింపజేస్తారు. డెబ్బై ఏళ్ల ఆలస్యం తర్వాతనైనా, రాయికి తోడు ఆచారం కూడా ఉండాలని మన రాజ్యం గుర్తించింది. అందుకు అభినందించాలి.

4. బతికి వచ్చినవారి బాకీ

సభలో ఉన్న మాజీ సైనికులు ఇప్పటిదాకా నా మాటలు ఓపికగా విన్నారు. మీలో కొందరి మనసులో మెదిలే ప్రశ్నను నేనే అడుగుతాను: పోయినవారికి పూలదండ, ఉన్నవారికి కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరుగుడా? ఈ రెంటినీ వేరుచేసి చూసిన ఏ దేశమూ గౌరవంగా మిగల్లేదు. 1921లో ఆర్లింగ్టన్‌లో అజ్ఞాత సైనికుడికి ఘనంగా సమాధి కట్టిన అమెరికా, 1932లో తమకు రావలసిన బోనసు ముందుగా ఇమ్మని రాజధానికి వచ్చిన అదే యుద్ధపు సైనికులను సైన్యంతోనే తరిమించింది. ఆ అవమానం నుంచి పాఠం నేర్చుకున్నాకే 1944లో చదువుకూ, ఇంటికీ సాయం చేసే చట్టం తెచ్చింది. మన దేశంలో ఒకే హోదాకు ఒకే పింఛను అన్న కోరిక దశాబ్దాలు నానింది. వృద్ధ సైనికులు 2015లో జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చున్నాక గానీ ఉత్తర్వు రాలేదు. మాజీ సైనికుల వైద్య పథకం మొదలైంది 2003లో. అంతకుముందు రిటైరైన జవాను జబ్బుపడితే చాలాసార్లు సొంత జేబే దిక్కయ్యేది.

మన రాష్ట్రంలో ఇంకొక చిక్కు భూమిది. మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకునే హక్కు 1993 నాటి ఉత్తర్వులోనే ఉంది. అయినా అసైన్‌మెంటు భూమి అన్న మాట కింద ఆ సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ల నిషేధిత జాబితాకెక్కి, ముసలితనంలో నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కోసం తిరిగిన కుటుంబాలు ఎన్నో. ఎకరం విలువ ఏమిటో మంగళగిరి వారికి నేను చెప్పనక్కర్లేదు. జవానుకు ఇచ్చిన పట్టా మీద జవాను కుటుంబానికే హక్కు రుజువు చేసుకోవలసి రావడం స్మరణలో లోపమే. సరిహద్దులో ఏం చేశాడో ఆఫీసు మరచిపోయింది కాబట్టే అతను సామాన్య అర్జీదారుడయ్యాడు.

ఇటీవలి ఉదాహరణ ఇంకా ఆలోచింపజేస్తుంది. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా యువకుడు మురళీ నాయక్ ప్రాణమిచ్చాడు. రాష్ట్రమంతా కదిలింది. రాష్ట్ర ప్రభుత్వం యాభై లక్షల రూపాయలు, అయిదెకరాల పొలం, ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. అది మంచి పని. కానీ అతను అగ్నివీర్. 2022లో వచ్చిన అగ్నిపథ్ అనే స్వల్పకాలిక నియామక పథకం ప్రకారం అగ్నివీర్ కుటుంబానికి బీమా, పరిహారం వంటివి ఒకేసారి వస్తాయి, రెగ్యులర్ జవాను కుటుంబానికి ఉండే జీవితకాల పింఛను రాదు. ఖజానా భారం గురించి పథకాన్ని సమర్థించేవారు చెప్పే వాదన తేలికైనది కాదు, పింఛన్ల ఖర్చు రక్షణ బడ్జెట్‌ను మింగుతున్న మాట వాస్తవం. అయితే ఆ పొదుపు సేవాకాలం ముగించుకుని ఇంటికి వచ్చేవారి విషయంలో చర్చించవలసినది. యుద్ధంలో పోయినవారి విషయంలో దానికి చోటు లేదు. ఒకే కందకంలో, ఒకే కాల్పుల్లో నేలకొరిగిన ఇద్దరి తల్లుల మధ్య నియామకపత్రం తేడా చూపించడం, బస్రా గోడ మీద కొందరికి పేరు, కొందరికి అంకె రాసినట్టే ఉంటుంది.

5. వినవలసిన అభ్యంతరాలు

యుద్ధమృతులను పదే పదే తలచుకుంటే యుద్ధం మీద మోజు పెరుగుతుందని శాంతికాములు అంటారు. విజయోత్సవాల విషయంలో ఆ భయం సరైనదే. పేర్ల విషయంలో కాదు. పల్నాటి కథ పూర్తిగా విన్నవాడికి ఎవరు గెలిచారో చెప్పడం కష్టం. ఇరుపక్కలా బిడ్డలు పోయారు, రాజ్యాలు రెండూ చితికిపోయాయి. ఒక్కొక్క పేరూ చదువుతూ పోతే యుద్ధం ఖరీదు తెలుస్తుంది. ఖరీదు తెలిసిన జాతి అంత తొందరగా కయ్యానికి కాలు దువ్వదు.

సామ్రాజ్యం కోసం పోరాడిన సిపాయిలను స్వతంత్ర దేశం ఎందుకు తలచుకోవాలని ఇంకొందరు అడుగుతారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి ఊరి పేరు ముందు మిలటరీ అని చేరిందంటే, రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి నుంచి వెళ్లినవారే కారణం. ఆ యుద్ధాలు న్యాయమైనవా అన్నది నిర్ణయించింది వారు కాదు. యుద్ధాన్ని తూచడం చరిత్ర పని, పోయిన మనిషిని లెక్కలో ఉంచడం సొంత ఊరి పని. రెండూ ఒకేసారి చేయవచ్చు.

మూడో అభ్యంతరం ఈ మెట్టనేలలో పుట్టింది కాబట్టి బరువైనది. 1987–88లో గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నారు, ఆ చావులు ఇప్పటికీ ఆగలేదు. వారికి లేని స్తంభం సైనికుడికెందుకు? నా సమాధానం ఇది. సైనికుడు వెళ్లనని చెప్పే హక్కును సంతకం పెట్టి వదులుకున్నాడు, రాజ్యం పొమ్మన్న చోటికి పోయి చనిపోయాడు. ఆజ్ఞ ఇచ్చినవాడికి ఆ చావుతో నేరుగా సంబంధం ఉంది కాబట్టి బాకీ కూడా నేరుగా ఉంది. దానివల్ల రైతు చావు తక్కువదవదు. పోయిన ప్రతి మనిషినీ పేరుతో లెక్కపెట్టే అలవాటు ఒకచోట పడితే, రైతు విషయంలోనూ అంకెలతో సరిపెట్టుకోవడం మనకు సిగ్గుగా అనిపిస్తుంది.

6. మనం చేయగలిగినది

ఇందుకు కోట్లు అక్కర్లేదు. నమూనా మన ఊళ్లోనే ఉంది. మంగళగిరిలో రాష్ట్ర ప్రత్యేక పోలీసు ఆరో పటాలం ఉంది. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర పది మంది పోలీసులు చనిపోయిన నాటి నుంచి, ఏటా అదే తేదీన దేశమంతటా పోలీసులు కవాతు చేసి, ఆ ఏడాది విధినిర్వహణలో పోయినవారి పేర్లు చదువుతారు. తిథి ఉంది, పేర్లున్నాయి, బాధ్యత ఎవరిదో తెలుసు. ఆ పద్ధతిని ప్రతి ఊరికీ తేవాలి.

ప్రతి పంచాయతీలో, ప్రతి పురపాలక సంఘంలో ఒక రిజిస్టరు తెరవాలి. ఆ ఊరి నుంచి సైన్యానికి వెళ్లినవారు, పోయినవారు, తిరిగొచ్చినవారు, అందరి పేర్లూ హోదాతో, కులంతో, నియామకపు రకంతో పనిలేకుండా రాయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దాన్ని సరిచూడాలి. 1949 నుంచి మనం సాయుధ దళాల పతాక దినంగా జరుపుకుంటున్న డిసెంబరు 7న ఊరి బడిలో పిల్లల చేత ఆ పేర్లు చదివించాలి. అదే రోజు అదే బడిలో పింఛను ఆగినవారి, పట్టా చిక్కుల్లో ఉన్నవారి, వైద్యం అందనివారి అర్జీలు తహసీల్దారు స్వయంగా తీసుకోవాలి. పోయిన ఏడు తీసుకున్న అర్జీలు ఏమయ్యాయో అక్కడే చదవాలి. తర్వాత అందరూ కలిసి ఒకే పంక్తిలో భోంచేయాలి. చాపకూడు పుట్టిన గడ్డకు ఇది కొత్త కాదు.

2021 జూలైలో రాజౌరీ జిల్లాలో నేలకొరిగిన బాపట్ల దగ్గరి కొత్తపాలెం యువకుడు జస్వంత్ కుమార్ రెడ్డి పేరును ఈ సభలో ఎంతమంది మరచిపోయారో నేను అడగను. 2041లో ఆ పేరు ఎవరు చదువుతారని మాత్రం అడుగుతున్నాను. ఇక్కడ కూర్చున్న సర్పంచులు, వార్డు సభ్యులు, ఉపాధ్యాయులు ఈ డిసెంబరు 7 లోపు మీ ఊరి రిజిస్టరు మొదలుపెట్టండి. మొదటి పేరు రాసినవారే ఆ పేరుకు మొదటి కాపుదారు. తర్వాత ఎవరికి అప్పగించాలో కూడా ఆ పేజీలోనే రాయండి.